నాన్న చెవి మిషన్: రెండేళ్ళు వాడాక

చెవి మిషన్ ఎక్కడ కొన్నారు, ఎంతయింది, పనిచేస్తోందా అని బెంగళూరులో మా రామమూర్తి నగర్‌లో తెలుగువాళ్ళు ఇప్పటికి పదిమందైనా అడిగారు. ఒక్కొక్కళ్ళకీ ఫోనులో అరగంట చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నాను. కంపెనీ పేరు, షాపు పేరు మాత్రం రాయను. ఎడమ చెవి మిషన్ ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, తిరిగి రావాలి కదా.

ముందు నాన్న సంగతి చెప్పాలి. ఆయన హైదరాబాదులో శాసనసభ రిపోర్టరుగా చేసి 2004లో రిటైరయ్యారు. రిపోర్టరంటే పత్రికవాళ్ళు కాదు. స్పీకర్ కుర్చీకి ముందు బల్ల దగ్గర కూర్చుని, సభ్యులు అన్న ప్రతి మాటా షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించే ఉద్యోగం. కొద్ది నిమిషాలు రాయగానే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు, ఈయన లోపలికెళ్ళి రాసింది టైపు చేయించాలి. ముప్పై ఏళ్ళ పైన అదే పని. మా ఇంట్లో అన్నం పెట్టింది ఆయన చెవులే. అవే పోతే మనిషి ఒప్పుకుంటారా? అమ్మ పోయాక మా దగ్గరికి వచ్చేసరికి టీవీ సౌండు 60 దాటించేవారు. పక్కింటి కన్నడ ఆవిడ వార్తలన్నీ మా గోడలోంచే వింటున్నానని నవ్వుతూనే చెప్పింది. "సాంబారు వేసుకో నాన్నా" అంటే "ఎవరు వచ్చారు?" అనేవారు. అడిగితే, "మీరందరూ ఈమధ్య నోట్లో నోట్లో మాట్లాడుతున్నారు" అని ఎదురు కేసు పెట్టేవారు.

2023 ఆగస్టులో ఎలాగో ఒప్పించి కమ్మనహళ్ళి దగ్గర ఒక సెంటర్‌కి తీసుకెళ్ళాం. పరీక్ష బాగా చేశారు, అది ఒప్పుకోవాలి. చప్పుడు రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. వినికిడి లోపం కుడి చెవికి 58 డెసిబెల్స్, ఎడమదానికి 64. పరీక్ష చేసిన ఆడియాలజిస్ట్ కోలారు అమ్మాయి. తెలుగు, కన్నడం కలిపి చక్కగా విడమరిచి చెప్పింది. అచ్చులు వినపడుతున్నాయట, స, శ, త, క లాంటి సన్నటి హల్లులు జారిపోతున్నాయట. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. నాన్న వెంటనే, "అదేమ్మా, సభలో గొడవైనప్పుడు మాకూ అంతే" అన్నారు. ఆ అమ్మాయికి అర్థం కాలేదు.

చెవి వెనక పెట్టుకునే రకం తీసుకున్నాం. జత 56,000. చెవిలో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీసి, దాని ప్రకారం మోల్డ్ చేసిచ్చారు. అచ్చు తీయించుకోండి, రెడీమేడ్ రబ్బరు టోపీలతో సరిపెట్టుకోకండి. నాన్నకి ట్రయల్‌కిచ్చిన టోపీ రెండుసార్లు పప్పులో పడింది. బేరం ఆడండి, తగ్గిస్తారు. వారం ట్రయల్ అడిగి మరీ తీసుకోండి. మా విషయంలో ఆ వారమే అసలు కథ.

వినాయక చవితికి రెండు రోజుల ముందు మిషన్లు ఇంటికొచ్చాయి. పెట్టుకున్న మొదటి గంట నాన్న ముఖం చూడాలి. పేపరు తిప్పితే చప్పుడు, చెప్పుల చప్పుడు, ఫ్యాను చప్పుడు, ఆయన కట్టుడు పళ్ళ చప్పుడు ఆయనకే. కుక్కర్ విజిల్‌కి లేచి నిలబడ్డారు. మొదట్లో అక్కర్లేనివే ఎక్కువ వినపడతాయని, వాటిని పక్కన పెట్టడం మెదడు మళ్ళీ నేర్చుకోవాలని, అందుకు నెల పడుతుందని ఆ అమ్మాయి ముందే చెప్పింది. చవితి రోజు నేను వ్రతకథ చదువుతుంటే "శమంతకం" అన్నచోట "ఆ, మణి" అని అందించారు. ఎన్నాళ్ళకో.

సరిగ్గా ఆ వారమే పార్లమెంటు ప్రత్యేక సమావేశాలు. 18న పాత భవనంలో, 19 నుంచి కొత్త భవనంలో. నాన్న పెన్సిలు చెక్కుకుని, పాత క్యాలెండరు కాగితాల వెనక వైపు పేర్చుకుని, సంసద్ టీవీ ముందు కూర్చున్నారు. ఎందుకు రాస్తున్నారని అడగలేదు. 20న మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభలో 454కి 2 ఓట్లతో నెగ్గినప్పుడు ఆ రెండంకెలూ పెద్దగా చదివి వినిపించారు. ఎన్నో ఏళ్ళ తర్వాత సభలో మాటలు ఆయనకి మాటల్లాగే అందుతున్నాయి.

21 రాత్రి చంద్రయాన్-3 మీద చర్చ. నేను పక్కన బట్టలు మడతపెడుతున్నాను. దక్షిణ ఢిల్లీ బీజేపీ ఎంపీ రమేశ్ బిధూరి మాట్లాడుతూ మాట్లాడుతూ, బీఎస్పీ ఎంపీ డానిష్ అలీ మీదికి తిరిగారు. ఆయన మతాన్ని పట్టుకుని అన్న మాటలు నేనిక్కడ రాయను. నాన్నకి ఉర్దూ, హిందీ రెండూ బాగా వచ్చు, హైదరాబాదు ఉద్యోగం మరి. పెన్సిలు ఆగింది. కాసేపటికి కాగితం మీద వరసగా నాలుగు చుక్కల గుర్తులు (* * * *) గీశారు, దస్త్రంలోంచి తొలగించిన మాట చోట పెట్టేవి. తర్వాత ఎడమ చెవి మిషన్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఇందులో ఏదో లోపం ఉందమ్మా" అన్నారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మర్నాడు ఉదయం ఆటో పిలిపించారు.

సెంటర్లో మా ముందు నలుగురున్నారు. ఆ అమ్మాయి విషయం అడిగితే, "నిన్న రాత్రి లోక్‌సభలో ఒకాయన మాట తప్పుగా వినపడింది, హల్లులు మారుస్తోందేమో చూడు" అన్నారు నాన్న. ఆమె మిషన్‌ని కంప్యూటరుకి తగిలించి చూసింది. అంతా సరిగానే ఉంది. ఆయన ఊరుకోలేదు. చివరికి నేనే ఫోనులో ఆ వీడియో పెట్టాను. అప్పటికే అది అందరి ఫోనుల్లోకీ వచ్చేసింది. అమ్మాయి వింది, తల దించుకుంది. "మిషన్ కరెక్టుగానే ఉంది సార్."

అంతకుముందు ఇంకో మాట చెప్పింది ఆమె, కొనేవాళ్ళకి పనికొస్తుంది. ఈ మిషన్లు మెల్లగా వచ్చే శబ్దాన్ని పెంచుతాయి, గట్టిగా వచ్చేదాన్ని హద్దు దాటనివ్వవు. అరుపు చెవికి గుచ్చుకోకుండా అణిచేస్తాయి. అంటే ఆ రాత్రి నాన్నకి అరుపు తగ్గి, మాట మాత్రం వార్తలు చదివినంత స్పష్టంగా వినపడిందన్నమాట.

అక్కడ కూర్చున్న నలుగురిలో ఒకాయన వీడియో చూసి పళ్ళికిలించాడు. ఒకావిడ "వాళ్ళంతే" అంది. ఏ వాళ్ళో చెప్పలేదు. మనవడితో వచ్చిన ముసలావిడకి మిషన్ ఇంకా ఇవ్వలేదు, "ఏమన్నాడంట?" అని అందరినీ అడుగుతోంది. ఒక్కరూ ఆ మాట పైకి చెప్పలేకపోయారు. మనవడు కూడా "ఏం లేదవ్వా" అన్నాడు. సభలో మైకు ముందు పలికిన మాట అది, కమ్మనహళ్ళి చెవి మిషన్ల షాపులో ఎవరి నోటా రాలేదు.

ఇక వినపడనివాళ్ళ సంగతి. ఆ రోజు సభలోనే రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ లేచి విచారం వెలిబుచ్చారు, తనకా మాటలు వినపడలేదంటూనే. బిధూరి వెనక నవ్వుతూ కనిపించారని విమర్శలొస్తే బీజేపీ ఎంపీ హర్షవర్ధన్ వివరణ ఇచ్చుకున్నారు. ఆ గందరగోళంలో ఏమంటున్నారో తనకి స్పష్టంగా వినపడలేదన్నారు. హర్షవర్ధన్ చదువు రీత్యా చెవి, ముక్కు, గొంతు డాక్టరు. ఈ సంగతి పేపర్లో చూసిన దగ్గర్నుంచీ నాన్న వారం రోజులు కాఫీ తాగుతూ తనలో తనే నవ్వుకున్నారు. "పాపం, ట్రయల్‌కి రమ్మను" అన్నారు ఒకసారి.

మా తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు అదే గోల. సిగ్గుచేటని కొందరు. అసలు డానిష్ అలీయే ముందు ప్రధానిని ఏదో అని రెచ్చగొట్టారని బీజేపీ ఎంపీలు అంటున్నారు, అది కూడా పెట్టండని కొందరు. "2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టింది మన విజయవాడ ఎంపీ కాదా, మనకెందుకు నీతులు" అని ఇంకొకాయన. అది కాదనలేం. నా సంగతీ చెప్పాలి కాబట్టి చెబుతున్నా, ఆ వీడియో గ్రూపులో మొదట పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాన్న చూసి, "తొలగించమన్నారు కదమ్మా, ఎందుకు పంపావు?" అన్నారు. ఆయన లెక్క వేరు. లోక్‌సభ నిబంధనల్లో 380వది మాట తొలగింపుకి, 381వది ఆ చోట చుక్కల గుర్తు పెట్టడానికి. తొలగించమని అధ్యక్షస్థానం అన్నాక ఆ మాట పత్రికవాళ్ళు రాసినా సభాహక్కుల ఉల్లంఘనే. ఆయన కాలంలో చుక్కలు పెడితే మాట చచ్చినట్టే. ఇప్పుడు దస్త్రంలో చుక్కలు, జేబులో వీడియో.

మా తమ్ముడు అమెరికాలో సౌత్ కరోలినాలో ఉంటాడు. ఆదివారం ఫోను చేసి వాళ్ళ దగ్గరి కథ చెప్పాడు. 2009 సెప్టెంబరు 9న ఒబామా ఉభయసభల ముందు వైద్య బీమా మీద మాట్లాడుతుంటే, వాళ్ళ రాష్ట్రం సభ్యుడు జో విల్సన్ "నువ్వు అబద్ధమాడుతున్నావు" అని మధ్యలో అరిచాడట. ఆ రాత్రే క్షమాపణ చెప్పాడు, ఒబామా సరేనన్నారు. అయినా ఆరు రోజులకి ప్రతినిధుల సభ 240కి 179 ఓట్లతో అతణ్ణి తప్పుపడుతూ తీర్మానం చేసింది. నాన్న అంతా విని, "ఇంకేమన్నాడు?" అన్నారు.

"అంతే నాన్నా. అబద్ధం అన్నాడు."

"అంతేనా?"

ఆయన గొంతులో నిరాశ స్పష్టంగా తెలిసింది. 'అబద్ధం' తామూ తొలగించినవాళ్ళమేనని, 'అసత్యం' అనుకోమని సభ్యులకి సర్దిచెప్పేవారని అన్నారు. లోక్‌సభ సచివాలయం 2022లో వేసిన, సభలో అనకూడని మాటల జాబితాలో 'శకుని' కూడా ఉందని నేను అందించాను. తమ్ముడు ఇంకో సంగతి చెప్పాడు. ఆ అరుపు తర్వాత కొద్ది రోజుల్లోనే విల్సన్‌కీ, అతని మీద పోటీకి దిగినాయనకీ ఇద్దరికీ చెరో పది లక్షల డాలర్ల పైన విరాళాలొచ్చాయి. విల్సన్ ఆ తర్వాతా గెలుస్తూనే వచ్చాడు. మా దగ్గరేమో బిధూరికి పార్టీ షోకాజ్ నోటీసిచ్చింది, వారం తిరక్కుండా రాజస్థాన్ ఎన్నికల్లో టోంక్ జిల్లా బాధ్యత కూడా ఇచ్చింది. డిసెంబరులో ఆయన హక్కుల కమిటీ ముందు విచారం వెలిబుచ్చారు. 2024లో లోక్‌సభ టికెట్టు రాలేదు.

సరే, మిషన్ సంగతి. బ్యాటరీ 13 నంబరు, నారింజ రంగు స్టిక్కరు ఉంటుంది. స్టిక్కరు తీశాక వెంటనే మూత పెట్టకండి, ఒక నిమిషం గాలి తగలనివ్వాలి. నాన్నకి ఎనిమిది, పది రోజులొస్తాయి. అయిపోయేముందు నాలుగుసార్లు పీప్ మంటుంది, సరిగ్గా పెళ్ళి భోజనాల్లోనే మంటుంది. ఫోను చెవికి ఆనించినా, మనవరాలు మెడ కౌగలించుకున్నా కీచుమంటుంది. చెమట పడనివ్వకండి, రాత్రి తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టండి. టీవీకి, హోటలు గోలకి వేరు వేరు ప్రోగ్రాములున్నాయి. హోటలుది నమ్మకండి, చట్నీ గిన్నె తప్ప ఏమీ వినపడదన్నారు నాన్న.

రెండేళ్ళ గ్యారంటీ 2025 సెప్టెంబరులో అయిపోయింది, అక్టోబరులో ఎడమది మూగబోయింది. యంత్రాలకి క్యాలెండరు తెలుసు. బాగుచేతకి 9,000 అన్నారు, రెండు వారాల్లో ఇస్తామన్నారు. ఇప్పటికి అయిదు వారాలు. కోలారు అమ్మాయి మానేసిందట. కొత్తగా వచ్చినతను ఫోనెత్తి "రేపు" అంటాడు. మిషన్‌కి నేను అయిదులో నాలుగిస్తాను, షాపు సర్వీసుకి ఒకటిన్నర. ఆ సగం కోలారు అమ్మాయికి.

ప్రస్తుతం నాన్న కుడి చెవి టీవీ వైపు తిప్పి, కుర్చీ ఏటవాలుగా వేసుకుని కూర్చుంటున్నారు. పెన్సిళ్ళు రెండు చెక్కించి పెట్టుకున్నారు. డిసెంబరులో ఢిల్లీలో శీతాకాల సమావేశాలు, బెళగావిలో మన కర్ణాటక శాసనసభ. ఆలోగా ఎడమది వస్తుందా అని రోజుకొకసారి అడుగుతున్నారు.