కాలువ గట్టు మీద మూడు నెలలు: ఒక శిక్షణ కేంద్రంపై నా అభిప్రాయం

ఎన్‌సీసీ క్యాడెట్‌నైన నేను, సైన్యంలోని కమాండో విభాగమైన పారా ప్రత్యేక దళాల ఎంపికకు ఒంటిని సిద్ధం చేసుకోవాలని అమలాపురం సమీపంలోని ఒక శిక్షణ కేంద్రంలో మూడు నెలలకు చేరాను. సైనిక భర్తీకి కావలసిన 1.6 కిలోమీటర్ల పరుగు, 9 అడుగుల కందకం దూకడం ఇక్కడ బాగానే నేర్పుతారు. అయితే ప్రత్యేక దళాల ప్రొబేషన్‌లో, అంటే అభ్యర్థులను వడపోసే పరీక్షా కాలంలో, వీపున బరువుతో, చాలీచాలని నిద్రతో, రోజుల తరబడి నడవవలసి ఉంటుంది కనుక, ఉత్త వేగం చాలదు. ఆ సంగతి ఎరిగిన శిక్షకుడు, విశ్రాంత హవల్దారు, తొలి వారం సంచిలో 8 కిలోల ఇసుక మాత్రమే పోయించి కాలువ గట్టు వెంబడి నడిపించి, తిరిగి రాగానే అందరి చేత మేజోళ్లు విప్పించి మడమలు పరీక్షించేవారు. ఎర్రబడిన మడమకు టేపు వేయనిదే మరునాడు బరువు ఎత్తనిచ్చేవారు కాదు. 15 కిలోలకు చేరడానికి ఏడు వారాలు పట్టింది. మా తొందరకు ఆయన లొంగకపోవడమే మాకు మేలైంది.

డెల్టాలో కొండలు లేకపోవడం వారి తప్పు కాదు గానీ, ఏటిగట్టు వాలునైనా ఎక్కించి ఉండవలసింది. చుట్టూ గోదావరి పాయలే ఉన్నా ఈత ఊసే లేదు. ఫీజులో కలిపిన గుడ్లు, పాలు రెండో నెలలో ఆగిపోయాయి. అడిగితే కార్యాలయంలో ‘రేపు చూద్దాం బాబూ’ అన్నారు, ఆ రేపు రాలేదు.