బీఏ ప్లాన్ పేరుతో ఒక ఫైల్ చేతిలో పెట్టారు: తిరుపతిలో ఒక డిగ్రీ గైడెన్స్ సెంటర్ గురించి

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. డిగ్రీ అడ్మిషన్ ఫారం నింపించుకోవడానికి, వెబ్ ఆప్షన్లు పెట్టించుకోవడానికి అయితే నిక్షేపంగా వెళ్లండి. బీఏలో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏది, మైనర్ (అనుబంధ సబ్జెక్టు) ఏది, మూడేళ్లూ ఏం చదవాలి అనే ప్లాన్ కోసమైతే మాత్రం డబ్బులు దండగ. సెంటర్ పేరు రాయడం లేదు. తిరుపతిలో ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, బాలాజీ కాలనీ నుంచి ఎయిర్ బైపాస్ రోడ్డు దాకా ఇలాంటి బోర్డులు వేలాడుతుంటాయి కాబట్టి మీరు దేనికెళ్లినా కింద రాసిన విషయాలు అడగడానికి పనికొస్తాయి.

మేం వెళ్లింది 2024లో. మా అక్క కూతురు పాకాలలో ఇంటర్ సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) పూర్తి చేసింది. సోషల్ టీచర్ కావాలని దానికి ఎప్పటినుంచో ఉంది, అది కుదరకపోతే గ్రూప్ 2 రాస్తానంటుంది. ఇంత స్పష్టంగా ఉన్న పిల్లకు గైడెన్స్ ఎందుకు అని నేనన్నాను గానీ, మా అక్కకు ఈ మేజర్లూ మైనర్ల గొడవ అంటే టెన్షన్. మా రోజుల్లో హెచ్ఈపీ అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ సమానంగా చదివేవాళ్లం, ఏది వదిలేయాలన్న బెంగే లేదు. 2023-24 నుంచి మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది, ఒకటి మేజర్, ఒకటి మైనర్. అంటే చేరేటప్పుడే ఏదో ఒకదానివైపు మొగ్గాలి. ఈ భయం మీదే ఈ సెంటర్లు నడుస్తున్నాయి.

ముందు మంచి చెప్తా. కంప్యూటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి పని నిజంగా బాగుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఇంటర్ మెమోలో ఒక్క అక్షరమే ఉందని సర్టిఫికెట్లు చేతికివ్వగానే పట్టేసింది. "ఇది ఇప్పుడే సరిచేయించుకోండక్కా, ఆధార్‌తో కూడా ఒకసారి సరిచూసుకోండి, తర్వాత స్కాలర్‌షిప్ దగ్గర ఇబ్బంది పడతారు" అంది. వెబ్ ఆప్షన్లలో కాలేజీ, కోర్సు రెండూ కలిపి ఒక ఆప్షన్ కింద లెక్క అనీ, నిజంగా చేరాలనుకున్నదే పైన పెట్టాలనీ, 'ఎలాగూ రాదులే' అని ఇష్టంలేని కాలేజీని మధ్యలో ఇరికిస్తే అదే వచ్చి కూర్చుంటుందనీ ఓపిగ్గా చెప్పింది. సేవ్ చేశాక ప్రింట్ తీసి, ఒక్కో లైను మా మేనకోడలి చేత చదివించి, చివర్లో సంతకం చేయించింది. ఆ అమ్మాయికి 5కి 5.

ఇక లోపలి గది. అక్కడ కౌన్సెలింగ్ ఇచ్చే సార్ ఉంటారు. మార్కుల మెమో చూసి, "మార్కులు బాగానే ఉన్నాయే పాపా, బీకాం కంప్యూటర్స్‌లో చేరొచ్చుగా?" అన్నారు. సోషల్ టీచర్ కావాలి సార్ అంది. "అయితే హిస్టరీ మేజర్ పెట్టుకో, మైనర్ కంప్యూటర్ అప్లికేషన్స్ పెట్టుకో, రెండు వైపులా పనికొస్తుంది." మా అక్క "సరే సార్" అనేసింది కూడా. తెచ్చిన టీ చల్లారక ముందే కౌన్సెలింగ్ ముగిసింది.

వినడానికి బాగానే ఉంది కదా. కానీ స్కూల్ అసిస్టెంట్ సోషల్ పోస్టుకు డీఎస్సీ (టీచర్ పోస్టుల భర్తీ) నోటిఫికేషన్‌లో అర్హత ఎలా ఉంటుందో చూడండి. హిస్టరీ, ఎకనామిక్స్, జాగ్రఫీ, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, సోషియాలజీ లాంటి సబ్జెక్టుల జాబితా ఒకటి ఇచ్చి, డిగ్రీలో వాటిలో ఏవైనా రెండు చదివి ఉండాలి, లేదా ఒకటి ప్రధానంగా, ఇంకొకటి అనుబంధంగా చదివి ఉండాలి అంటారు. ఆ పైన బీఈడీలో సోషల్ మెథడాలజీ ఉండాలి. పాత హెచ్ఈపీ వాళ్లకు ఇది అసలు సమస్యే కాదు, మూడూ జాబితాలో ఉన్నవే. సింగిల్ మేజర్ పద్ధతిలో మేజర్ ఒకటే కాబట్టి ఆ రెండో సబ్జెక్టు బరువంతా మైనర్ మీద పడుతుంది. అక్కడ కంప్యూటర్ అప్లికేషన్స్ పెట్టుకుంటే రెండో సబ్జెక్టు ఎక్కణ్నుంచి వస్తుంది? ఈ మాట సార్‌ని అడిగితే, "రూల్స్ మారుతుంటాయండీ, అప్పటికి చూసుకుందాం" అన్నారు. మారతాయి, నిజమే, అందుకే ప్రతి నోటిఫికేషన్ తెరిచి అర్హతల పేజీ చదవాలి. చదివి చెప్తారనే కదా మీకు ఫీజు కడుతున్నాం?

పైగా మైనర్ సంగతి అడ్మిషన్ రోజే తేల్చాల్సిన పనే లేదు. ఈ పద్ధతిలో మైనర్ రెండో సెమిస్టర్ నుంచి మొదలవుతుంది. మొదటి సెమిస్టర్‌లో ఆర్ట్స్ పిల్లలందరికీ సామాజిక శాస్త్రాల పరిచయం మీద ఒక పేపరు, భారతీయ సమాజం మీద ఒక పేపరు ఉమ్మడిగా పెట్టారు. అవి చదివే నాలుగైదు నెలల్లో పిల్లకు ఏది బుర్రకెక్కుతోందో, ఏది నిద్ర తెప్పిస్తోందో తెలిసిపోతుంది. ఈలోగా ఆ కాలేజీలో ఏ మైనర్‌కు నిజంగా లెక్చరర్ ఉన్నారో కనుక్కోవచ్చు. వెబ్‌సైట్‌లో పేరుండి క్లాసులో మనిషి లేని సబ్జెక్టును మైనర్‌గా తీసుకుంటే పరీక్ష ముందు గైడు కొనుక్కోవడమే మిగులుతుంది. సెంటర్‌లో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

గ్రూప్ 2 గురించి అడిగితే "దానికి ఏ డిగ్రీ అయినా ఒకటే" అన్నారు. అర్హతకు ఒకటే, చదువుకు కాదు. 2023 నోటిఫికేషన్ సిలబస్‌లో స్క్రీనింగ్ 150 మార్కులకు, అందులో చరిత్రకు 30, జాగ్రఫీకి 30, భారతీయ సమాజానికి 30. మెయిన్స్ 300 మార్కులకు. అందులో ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర 75, రాజ్యాంగం 75, ఆర్థిక వ్యవస్థ 75. మిగిలిన 75 సైన్స్ అండ్ టెక్నాలజీ. అంటే హిస్టరీ మేజర్, పొలిటికల్ సైన్స్ మైనర్ తీసుకున్న పిల్ల క్లాసులో చదివిందే మెయిన్స్‌లో సగానికి పనికొస్తుంది, ఎకనామిక్స్, సైన్స్ పక్కన చదువుకోవాలి. డిగ్రీ ఒకవైపు, కోచింగ్ ఒకవైపు అని పిల్లలు చీలిపోయేది ఈ లెక్క ముందే వేసుకోకనే.

అన్నట్టు ఎకనామిక్స్ మేజర్ తీసుకోవాలనుకునే సీఈసీ పిల్లలకు ఒక మాట. బీఏ వరకు ఎలాగో నెట్టుకురావచ్చు గానీ, మంచి యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ చేయాలంటే లెక్కలు, స్టాటిస్టిక్స్ రాకుండా కుదరదు. ఆ మేజర్ తీసుకుంటే మైనర్‌గానో, స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సుగానో స్టాటిస్టిక్స్ పట్టుకోండి.

ఇక ఫైల్ సంగతి. రెండు రోజుల తర్వాత రమ్మని స్పైరల్ బైండింగ్ చేసిన ఫైల్ ఇచ్చారు. అట్ట మీద మా పిల్ల పేరు రంగుల్లో ఉంది. రెండో పేజీ తిప్పితే, బీఏలో చేరబోయే పిల్లకు 'కామర్స్ విద్యార్థిని కాబట్టి ట్యాలీ (అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్) తప్పనిసరి' అని ఉంది! మా అక్కకు అది చూపిస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు పాపం. మొదటి వేసవి గడిలో స్పోకెన్ ఇంగ్లీష్, గ్రూప్స్ ఫౌండేషన్ కోచింగ్ అని రాశారు (ఆ కోచింగ్ వాళ్లదే లెండి, కింద అంతస్తులో). ఈ సింగిల్ మేజర్ డిగ్రీలో రెండో సెమిస్టర్ తర్వాత సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఉంటుంది, 180 గంటలు, ఊళ్లో సర్వే చేసి రిపోర్ట్ రాసి ఇవ్వాలి, దానికి క్రెడిట్లు (డిగ్రీకి లెక్కేసే పాయింట్లు) కూడా ఉన్నాయి. ఆ మాటే ఫైల్‌లో లేదు. సామాజిక శాస్త్రాలు చదివే పిల్లకు అంతకంటే పనికొచ్చేది ఇంకోటుంటుందా? పాకాల చుట్టుపక్కల పాడి మీద బతికే ఇళ్లు, మామిడి తోటల్లో కూలికెళ్లే ఆడవాళ్లు, ఏది తీసుకున్నా చేతినిండా విషయమే.

ఇంకో తప్పు నాలుగో ఏడాది గురించి. 'ఆనర్స్ 4 ఏళ్లు పూర్తి చేస్తేనే డిగ్రీ' అన్న అర్థం వచ్చేలా రాశారు. అది కాదు. యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన క్రెడిట్ల చట్రం ప్రకారం 120 క్రెడిట్లతో 3 ఏళ్లకు మామూలు డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు, 160 అయితే 4 ఏళ్ల ఆనర్స్. పరిశోధనతో కూడిన ఆనర్స్ కావాలంటే మొదటి 6 సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. టీచర్ కావాలనుకునే పిల్ల 3 ఏళ్లకు బయటికొచ్చి బీఈడీలో చేరితే ఒక సంవత్సరం కలిసొస్తుంది. పీహెచ్‌డీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగో ఏడాది విలువ వేరు. ఇది ఇంట్లో కూర్చుని ఆలోచించుకోవాల్సిన పెద్ద నిర్ణయం, దాన్ని ఒక లైన్‌లో తేల్చేశారు.

మా పిల్ల చివరికి హిస్టరీ మేజర్‌తో చేరి, మైనర్ పొలిటికల్ సైన్స్ తీసుకుంది. ఆ సలహా ఇచ్చింది కాలేజీలో హిస్టరీ చెప్పే మేడమ్. క్లాసు అయ్యాక వరండాలో నిలబడి డీఎస్సీ అర్హతలు, గ్రూప్ 2 సిలబస్ రెండూ ఫోన్‌లో చూపించి చెప్పారట, పైసా ఖర్చు లేకుండా. తిరుపతిలో ఎస్వీ ఆర్ట్స్, గోవిందరాజస్వామి ఆర్ట్స్, ఆడపిల్లలకు పద్మావతి డిగ్రీ కాలేజీ, అవతల ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ ఉన్నాయి. చిత్తూరు వైపు వాళ్లకు పీవీకేఎన్ గవర్నమెంట్ కాలేజీ ఉంది. డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి "నమస్తే సార్, బీఏ గురించి అడగాలి" అంటే కసిరేవాళ్లు అరుదు. ఆర్ట్స్ అడిగి వచ్చే పిల్లలే తక్కువ కాబట్టి కూర్చోబెట్టి మరీ చెప్తారు.

సెంటర్‌కు మొత్తం మీద 5కి 2.5, అది కూడా కంప్యూటర్ అమ్మాయి పుణ్యం. వెళ్లేవాళ్లు పొద్దున తెరవగానే వెళ్లండి, సాయంత్రమైతే సర్వర్ నెమ్మది, క్యూ కూడా ఎక్కువ. మేం వెళ్లినప్పుడు ప్యాకేజీ 1,500 అన్నారు. ఫారం, వెబ్ ఆప్షన్లు మాత్రమే చాలు, ఫైల్ వద్దు అని గట్టిగా అంటే 500కు దిగారు, మా వెనకాల వచ్చినాయన అలాగే చేయించుకున్నాడు. రసీదు అడగండి, ఓటీపీ రావడానికి మీ సొంత నంబరే ఇవ్వండి, పాస్‌వర్డ్ వాళ్ల పుస్తకంలో కాకుండా మీ దగ్గర రాసుకోండి.