‘లైట్ లోడ్స్’ పేరుతో అమ్మే రీలోడ్స్‌తో జాగ్రత్త: పెద్ద రివాల్వర్లున్నవాళ్లకు హెచ్చరిక

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో రేంజ్‌కి (షూటింగ్ ప్రాక్టీస్ చేసే చోటికి) వెళ్లే అలవాటున్నవాళ్లు, ముఖ్యంగా .44, .45 లాంటి పెద్ద రివాల్వర్లున్నవాళ్లు ఇది పూర్తిగా చదవాలని మనవి. ఇక్కడ ఒక గన్ షోలో ‘.44 స్పెషల్ లైట్ లోడ్స్’ అని అమ్ముతున్న రీలోడ్స్ కొన్నాను. రీలోడ్స్ అంటే వాడేసిన ఖాళీ ఇత్తడి గొట్టాల్లో (కేసుల్లో) మళ్లీ మందు నింపి చేసిన తూటాలు; ‘లైట్ లోడ్’ అంటే తక్కువ బలంతో పేలేది. రేంజ్‌లో వాటిలో ఒక బుల్లెట్ బ్యారెల్ లోపలే ఆగిపోయింది. మిగతావి విప్పించి చూస్తే ఇంకో రౌండులో (తూటాలో) తుపాకీమందు రెండింతలుంది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సరుకు పెట్టుకున్న బల్లలు చాలా గన్ షోల్లో కనిపిస్తాయి కాబట్టి, పేరు కన్నా సరుకును గుర్తుపట్టడం ముఖ్యం.

నా దగ్గరున్నది .44 మాగ్నమ్, స్మిత్ అండ్ వెసన్ 629, ఆరంగుళాల బ్యారెల్. మణికట్టు నొప్పి వల్ల కొన్నేళ్లు దాన్ని సేఫ్‌లోంచి బయటికి తీయలేదు. ఫుల్ పవర్ మాగ్నమ్ రౌండ్లు రెండు మూడు సిలిండర్లు (రివాల్వర్‌లో రౌండ్లు నింపే తిరిగే భాగం) కాలిస్తే ఆ సాయంత్రం టీ గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమయ్యేది. ఈ మధ్య చెయ్యి కుదుటపడ్డాక, తేలికపాటి రౌండ్లతో మళ్లీ మొదలుపెట్టాను. వయసు నలభై, యాభై దాటిన చాలామంది ఇదే దారిలో వెనక్కి వస్తున్నారు. ఇది నిజంగా మంచి దారి. నేను హెచ్చరిస్తున్నది తేలికపాటి లోడ్స్ గురించి కాదు, ఆ పేరు పెట్టి ఎవరు పడితే వాళ్లు నింపి అమ్మే వాటి గురించి.

.44 మాగ్నమ్ రివాల్వర్‌లో .44 స్పెషల్ రౌండ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. బుల్లెట్ సైజు ఒకటే, కేసు పొడవే తేడా. స్పెషల్ కేసు 1.16 అంగుళాలు, మాగ్నమ్ కేసు 1.285 అంగుళాలు. పొట్టిది పొడుగు ఛాంబర్‌లో (సిలిండర్‌లో రౌండు కూర్చునే గదిలో) పడుతుంది. పొడుగుదాన్ని పొట్టి ఛాంబర్‌లోకి నెట్టే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. స్పెషల్‌లో పాత కాలం నుంచీ వస్తున్న ఫ్యాక్టరీ లోడ్ 246 గ్రెయిన్ల సీసం బుల్లెట్, అంటే సుమారు 16 గ్రాములు. దాని వేగం సెకనుకు 755 అడుగులు. మాగ్నమ్‌లో 240 గ్రెయిన్ల బుల్లెట్ 1,350 అడుగుల వేగంతో వెళ్తుందనుకుంటే దాని శక్తి మూడింతలు పైనే. ఒత్తిడి లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది: అమెరికాలో పరిశ్రమ పెట్టుకున్న గరిష్ఠ పరిమితి స్పెషల్‌కి 15,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే మాగ్నమ్‌కి 36,000.

దాదాపు కేజీంబావు బరువున్న 629లో స్పెషల్ వేసి కాలిస్తే తుపాకీ చేతిని తన్నదు, నెమ్మదిగా వెనక్కి నెడుతుంది. దెబ్బకు భయపడి ట్రిగ్గర్ లాగకముందే చెయ్యి బిగుసుకుపోయి తుపాకీ మూతి కిందికి వంగే అలవాటు మెల్లగా తగ్గిపోతుంది. గురి మళ్లీ కుదురుతుంది. పాతకాలపు తుపాకులతో పోటీలు నడిపే కౌబాయ్ షూటింగ్ వాళ్లు కూడా రివాల్వర్ రౌండ్లు సెకనుకు 1,000 అడుగులు దాటకూడదని నియమం పెట్టుకున్నారు. ‘కౌబాయ్ లోడ్స్’ అన్న పేరు అక్కడి నుంచే వాడుకలోకి వచ్చింది.

చిక్కల్లా ధర దగ్గర వస్తుంది. ఫ్యాక్టరీలో చేసిన .44 స్పెషల్‌కి రౌండు ఒక్కంటికి డాలరు దాటుతుంది. సగం ధరకే వస్తున్నాయంటే చెయ్యి ఆ డబ్బాల మీదికి వెళ్లడం సహజం. వాటిని అమ్మినతను ‘అన్నీ తేలికపాటివే సార్, మీ మణికట్టుకి హాయిగా ఉంటాయి’ అని ధీమాగా చెప్పాడు. డబ్బా మీద మార్కర్‌తో రాసిన ఆ పేరు తప్ప బుల్లెట్ బరువు లేదు, వేగం లేదు, చేసినవాళ్ల పేరు లేదు.

రేంజ్‌లో మొదటి రౌండ్లు పేలాయి గానీ, ఒకదానికీ ఇంకోదానికీ చప్పుడు తేడాగా వినిపించింది. ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా. నాతో వచ్చిన తమ్ముడు ‘అన్నా, ఇవన్నీ ఒకే డబ్బాలోవేనా?’ అని అడిగాడు. ఆ తర్వాతి రౌండుకి సోడాసీసా మూత తీసినంత చప్పుడే వచ్చింది. చెయ్యి కదల్లేదు, కాగితం మీద కొత్త చిల్లు పడలేదు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి సన్నగా పొగ వచ్చింది. మూతి టార్గెట్ వైపే ఉంచి ఒక నిమిషం ఆగి, సిలిండర్ తెరిచి రౌండ్లన్నీ తీసేశాం. ఆ కేసు లోపల ప్రైమర్ (మందును అంటించే అడుగు బిళ్ల) మసి తప్ప ఏమీ లేదు. రేంజ్ ఆఫీసర్ ఇత్తడి కడ్డీని మూతిలోంచి దించితే చివరిదాకా వెళ్లకుండా ఠక్కున ఆగింది. అందులో మందు పోయనే లేదు. ఒక్క ప్రైమర్ బలంతోనే బుల్లెట్ బ్యారెల్ మొదట్లోకి వచ్చి కూర్చుంది.

ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఇలా ఇరుక్కున్న బుల్లెట్ సగం సిలిండర్‌లో, సగం బ్యారెల్‌లో ఉంటే సిలిండర్ తిరగదు, తుపాకీయే మిమ్మల్ని ఆపేస్తుంది. కానీ మాకు జరిగినట్టు బుల్లెట్ పూర్తిగా బ్యారెల్లోకి జారిపోతే సిలిండర్ మామూలుగానే తిరుగుతుంది. అడ్డం ఉందని తెలియక ఇంకోసారి ట్రిగ్గర్ లాగితే రెండో బుల్లెట్ వెళ్లి మొదటిదాన్ని గుద్దుతుంది. బ్యారెల్ ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. వరసగా వేగంగా కాల్చేవాళ్లకు ఆగి ఆలోచించే వ్యవధి కూడా ఉండదు. చప్పుడు తగ్గినా, చేతికి దెబ్బ తెలియకపోయినా వేలు వెంటనే ట్రిగ్గర్ మీంచి తీసేయాలి. ఇరుక్కున్నదాన్ని ఇంకో రౌండుతో బయటికి తోసేయొచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ ఆ బుల్లెట్‌ని ఇత్తడి కడ్డీతో తట్టి బయటికి తీశాడు. బ్యారెల్‌కి ఏమీ కాలేదని లైటు వేసి చూసి చెప్పాడు. తర్వాత మిగతా రౌండ్లు ఒక్కొక్కటే విప్పి పౌడర్ తూచాడు. చాలావాటిలో కొలత అటూ ఇటూగా ఉంది. ఒకదాంట్లో మాత్రం మిగతావాటికి దాదాపు రెండింతలుంది. కొన్ని కేసుల మీద స్పెషల్ అని, కొన్నిటి మీద మాగ్నమ్ అని ముద్ర ఉంది. రెండు రౌండ్లలో ప్రైమర్ పూర్తిగా లోపలికి దిగకుండా కాస్త పైకి నిలబడింది. కేసు మూతి సరిగా బిగించకపోవడం వల్ల బొటనవేలితో నొక్కితే బుల్లెట్ లోపలికి జరిగిపోయిన రౌండు కూడా నా కళ్లారా చూశాను.

తేలికపాటి రౌండు కాబట్టి ప్రమాదం తక్కువ అనుకుంటాం. నింపే చెయ్యి మంచిదైతే అది నిజమే. కానీ .44, .45 కేసులు మొదట బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకీమందు) రోజుల్లో పుట్టినవి లేదా వాటికి కొనసాగింపుగా వచ్చినవి. పొట్ట పెద్దది. ఇప్పటి వేగంగా మండే పౌడర్ అందులో కొంచెం పోస్తే చాలు, కేసు అడుగున పల్చగా పరుచుకుంటుంది. మందు పోశారో లేదో, రెండుసార్లు పోశారో ఒక్క చూపులో తెలియదు. ఫుల్ పవర్ మాగ్నమ్‌లో వాడే పౌడర్ కేసును దాదాపు నింపేస్తుంది కాబట్టి రెండుసార్లు పోస్తే పొంగి బయటికి వస్తుంది, తప్పు అక్కడే దొరుకుతుంది. లైట్ లోడ్‌లో అది దొరకదు. ట్రెయిల్ బాస్ లాంటి ఉబ్బెత్తు పౌడర్ తయారైంది కూడా ఈ ఖాళీని నింపడానికే. విప్పకుండా రౌండును తూచి కనిపెట్టవచ్చని కొందరంటారు. సీసం బుల్లెట్ల బరువులోనూ కేసుల బరువులోనూ ఉండే తేడాలే కొన్ని గ్రెయిన్లుంటాయి, అందులో పౌడర్ తేడా కలిసిపోతుంది. తూచి చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ఇంకో భ్రమ కూడా వదిలించుకోవాలి. కేసు మీద ‘.44 స్పెషల్’ అని ముద్ర ఉన్నంతమాత్రాన లోపల ఉన్నది తేలిక లోడ్ కావాలని లేదు. 1955లో .44 మాగ్నమ్ రాకముందు తుపాకుల గురించి రాసే అమెరికన్ రచయిత ఎల్మర్ కీత్ ఎన్నో ఏళ్లు స్పెషల్ కేసుల్లోనే బరువైన లోడ్స్ నింపి కాల్చాడు, మాగ్నమ్ పుట్టడానికి ఆ పనే కారణం. ఆ పద్ధతిలో గట్టిగా నింపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి రౌండు 629లో పడితే తట్టుకుంటుంది, మీ మణికట్టు తట్టుకోదు. స్పెషల్ కోసమే చేసిన పాత, చిన్న రివాల్వర్‌లో పడితే తుపాకీకే ముప్పు. .45 కోల్ట్‌లో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ కోసం వచ్చిన ఆ రౌండుకి మామూలు పరిమితి 14,000 పీఎస్ఐ. బ్లాక్‌హాక్ లాంటి గట్టి రుగర్ కంపెనీ రివాల్వర్ల కోసమే దానికి రెట్టింపు ఒత్తిడితో నింపినవీ మార్కెట్లో దొరుకుతాయి. కేసు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

కాబట్టి కొనేముందు అమ్మేవాళ్లని నిలబెట్టి అడగండి. అమ్మకానికి తూటాలు తయారుచేసేవాళ్లకి ఫెడరల్ లైసెన్స్ ఉండాలి, సాధారణంగా అది టైప్ 06. ‘మీ లైసెన్స్ ఏదండీ?’ అంటే తడబడేవాళ్ల దగ్గర ఒక్క రౌండు కూడా తీసుకోవద్దు. డబ్బా మీద బుల్లెట్ బరువు, వేగం, తయారుచేసినవాళ్ల పేరు, లాట్ నంబరు అచ్చయి ఉండాలి. రీలోడ్స్ వాడితే వారంటీ వర్తించదని తుపాకీ కంపెనీలు తమ మాన్యువల్స్‌లో రాస్తాయి, అదీ చూసుకోండి. వించెస్టర్, బ్లాక్ హిల్స్ లాంటి కంపెనీలు కౌబాయ్ లోడ్స్ చేస్తాయి. ఖరీదెక్కువే, అయినా నేను ఇప్పుడు అవే వాడుతున్నాను. డబ్బు సరిపోకపోతే తక్కువ రౌండ్లు కాల్చడమే నయం. స్పెషల్ వాడాక ఛాంబర్లలో మసి వలయం పేరుకుంటుంది, బ్రష్‌తో తోమకపోతే తర్వాత మాగ్నమ్ రౌండ్లు సరిగా దిగవు. ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం మంచిది కాదు.

అమ్మినతనికి ఫొటోలు పంపి ఫోన్ చేశాను. డబ్బు వాపసు ఇస్తానన్నాడు గానీ, ఆ బ్యాచ్‌లో ఇంకెన్ని డబ్బాలు అమ్మాడో చెప్పలేదు. నాకు టెన్షన్ అంతా అక్కడే. చేతిరాత లేబుల్‌తో కొన్న డబ్బా మీ ఇంట్లో ఉంటే కాల్చకండి, గన్‌స్మిత్‌కో రేంజ్ వాళ్లకో అప్పగించండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. సరదాగా రేంజ్‌కి తీసుకెళ్లి అలాంటి వీసా ఉన్న స్నేహితుడి చేతికి తుపాకీ ఇచ్చినా అతనికీ మీకూ ఇబ్బందే, లాయర్‌ని అడగకుండా ఆ పని చేయవద్దు. ఇక రేంజ్‌కి వాడే బ్యాగును ఇండియా ప్రయాణానికి అసలు వాడకండి. ఏ అరలోనో మిగిలిపోయిన ఒక్క రౌండు హైదరాబాద్ ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. ఇంటి నుంచి బయల్దేరేముందే లగేజీ జేబులన్నీ తిరగేసి చూసుకోండి.