అమ్మ కడుపుబ్బరానికి భీమవరంలో ఈ గ్యాస్ట్రో క్లినిక్‌లో చూపించాం

మాది పాలకొల్లు దగ్గరండి. అమ్మకి 54. సాయంత్రం 5 అయ్యేసరికి పొట్ట డోలులా బిగిసిపోయి, చీర కుచ్చిళ్లు వదులు చేసుకుని అరుగు మీద కూలబడిపోయేది, 8 నెలలుగా ఇదే వరస. గ్యాసేలే అని మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర తెచ్చుకుని పరగడుపున వేసుకునేది, తగ్గకపోతే గోళీ సోడా. పెద్దమ్మ పోరు పడలేక ఇక్కడికి తీసుకొచ్చాను.

ముందు బాగోలేనిది చెప్పేస్తా. ఫోన్లో 10కి రమ్మని పన్నెండున్నరకి పిలిచారు, కుర్చీలు చాలక ముసలివాళ్లు మెట్ల మీద కూర్చున్నారు, అది మాత్రం మార్చుకోవాలి.

లోపలికెళ్లాక డాక్టర్ గారు తొందర పెట్టలేదు. అమ్మని పడుకోబెట్టి పొట్ట మీద వేలు ఆనించి ఇంకో వేలితో తట్టారు, డబడబమని నాక్కూడా వినపడింది. మోషన్ సాఫీగా అవుతుందా, బరువు తగ్గారా, రక్తం పడుతుందా, రెండు ముద్దలకే కడుపు నిండిపోతుందా అని ఒక్కోటీ అడిగారు. మన దగ్గర గుండెల్లో మంటొచ్చినా గ్యాసే తేన్పులొచ్చినా గ్యాసే పొట్ట ఉబ్బినా గ్యాసే కదా, అమ్మ వేసుకునే మాత్రేమో యాసిడ్‌ని తగ్గించేదట, పేగుల్లో గాలికీ దానికీ సంబంధం లేదట. సోడా తాగాక వచ్చే తేన్పు కూడా చాలావరకు ఆ సోడాలో గాలేనట. ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదు మాకు.

50 దాటిన ఆడవాళ్లకి కొత్తగా ఉబ్బరం మొదలై తగ్గకుండా ఉంటే అండాశయాలు ఒకసారి చూసుకోవాలని స్కాన్ రాశారు. ఆ మాటకి నా చేతులు చల్లబడిపోయాయి. నార్మల్ అని రిపోర్ట్ వచ్చేదాకా అమ్మ సూత్రాలు పట్టుకునే కూర్చుంది. ఇంట్లో ఆ వయసు అమ్మలు, అత్తలు ఉన్నవాళ్లు గ్యాసని వదిలెయ్యకండి, దయచేసి చూపించండి.

తర్వాత వారం రోజులు ఏం తిన్నారో, ఎప్పుడు ఉబ్బిందో రాయమన్నారు. అమ్మ పాల లెక్క పుస్తకం వెనకాల రాసింది, "4 గం. టీ. 5 గం. బిగిసింది" అని, రోజూ అదే. చిక్కటి గేదె పాల టీ, రోజుకి 5 గ్లాసులు! వయసు పెరిగేకొద్దీ చాలామందికి పాలల్లో ఉండే చక్కెర సరిగ్గా అరగదట, అరగనిది పెద్దపేగులోకెళ్తే బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గాలి పుట్టిస్తుందట. పాలు 2 వారాలు ఆపమన్నారు, పెరుగు మానక్కర్లేదు, తోడుకున్నాక ఆ చక్కెర కొంత తగ్గుతుందన్నారు. ఉల్లిపాయ, అలసందలు కూడా కొందరికి పడవు గానీ అన్నీ ఒకేసారి మానేస్తే ఏది కారణమో తెలీదు, ఒక్కోటి ఆపి చూడండి అన్నారు.

పదో రోజు సాయంత్రం నేను వచ్చేసరికి అమ్మ అదే అరుగు మీద కనకాంబరాలు కడుతోంది, కుచ్చిళ్లు బిగువుగానే ఉన్నాయి. అలసంద వడలు తిన్న రోజు ఇంకా ఉబ్బుతుంది గానీ ఎందుకో ఇప్పుడు తనకే తెలుసు.

ఫీజు 400, 15 రోజుల్లోపు మళ్లీ వెళ్తే తీసుకోరు. వెళ్లేవాళ్లు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి, డాక్టర్ గారు ఒక్కోటీ తిప్పి చూస్తారు.