బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు లాగ్ ఫోల్డర్ తెరిపించండి: పర్లాకిమిడి, గుణుపురం వైపు వాళ్లకి జాగ్రత్త

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు హోల్‌సేల్ నడిపే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మందుల ఏజెన్సీలకి, కిరాణా డిస్ట్రిబ్యూటర్లకి ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతూ ఒక డీలర్ మన ఊళ్లన్నీ తిరుగుతున్నాడు. తెలుగు బాగా మాట్లాడతాడు. "మనలో మనం, మీకు ఎక్కువ చెప్తానా అన్నా" అంటాడు. డబ్బు వెనక్కి ఇచ్చే మాట ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. పేరు తెలియకపోయినా ఇబ్బంది లేదు, లాగ్ ఫైళ్లతో డిస్క్ నింపేసే ఇదే జబ్బు ఇంకో పేరుతో వచ్చే సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండొచ్చు. దాన్ని పట్టుకునే దారి చెప్తాను.

మాది మందుల హోల్‌సేల్. కొంత సరుకు గజపతి జిల్లాలోనే పోతుంది, మిగతాది పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి వైపు వెళ్తుంది. అందుకని ఒకే కౌంటర్లో రెండు రకాల బిల్లులు. 21తో మొదలయ్యే (ఒడిశా) జీఎస్టీ నంబర్ వాళ్లకి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. 37తో మొదలయ్యే (ఆంధ్ర) వాళ్లకి ఐజీఎస్టీ. పాతపట్నం మనకి పక్క ఊరే అయినా సరుకు రాష్ట్రం దాటుతుంది, విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు తీయాల్సిందే. ఈ పనులన్నీ ఆ సాఫ్ట్‌వేర్ చక్కగానే చేస్తుంది, లేనిపోనిది చెప్పను. డెమోలో అందరం పడిపోయేది కూడా అక్కడే.

వానాకాలం జ్వరాల సీజన్లో కౌంటర్ మీద జనం ఉండగా బిల్లు సేవ్ కొడితే గిరగిరా తిరగడం మొదలైంది. తర్వాత అసలు సేవ్ కావడమే మానేసింది. సపోర్ట్ నంబర్‌కి ఫోన్ చేస్తే తెలుగు డీలర్ ఎత్తడు. ఎవరో కుర్రాడు ఎత్తి ఒడియాలో "ఆజ్ఞా, ఆజ్ఞా" అంటూ మర్యాదగానే మాట్లాడి, చివరికి ఒకటే చెప్తాడు: మీ డేటా పెరిగిపోయింది, డిస్క్ సరిపోవడం లేదు, పెద్ద ఎస్‌ఎస్‌డీ వేయించుకుని సర్వర్ ఎడిషన్‌కి మారండి. ఎస్‌ఎస్‌డీ కూడా వాళ్లే అమ్ముతారు! బయట షాపులో అడిగిన రేటు కంటే బాగా ఎక్కువ చెప్పారు.

మా మేనల్లుడు విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. వాడు దూరం నుంచే మా సిస్టమ్‌లోకి వచ్చి చూసి, "మావయ్యా, డేటాబేస్ మొత్తం మూడు జీబీ కూడా లేదు. నూటపాతిక జీబీ పైన లాగ్ ఫైళ్లే ఉన్నాయి" అన్నాడు.

లాగ్ అంటే ఏ ప్రోగ్రామ్ అయినా తను చేసే పనుల గురించి తన కోసం రాసుకునే చిత్తు పుస్తకం. ఎక్కడైనా తేడా వస్తే తయారుచేసినవాళ్లు అది చూసి తప్పు వెతుకుతారు. ఎంత వివరంగా రాయాలన్నదానికి మెట్లు ఉంటాయి: ట్రేస్, డీబగ్, ఇన్ఫో, వార్న్, ఎర్రర్, ఫేటల్. ట్రేస్‌లో వివరం అన్నిటికంటే ఎక్కువ, ఫేటల్‌లో అన్నిటికంటే తక్కువ. ఏ మెట్టు పెడితే అదీ, ఈ వరసలో దాని తర్వాత వచ్చేవన్నీ రాస్తుంది. షాపులో నడిచే సాఫ్ట్‌వేర్‌కి మామూలుగా ఇన్ఫో గానీ వార్న్ గానీ చాలు. మా దాంట్లో డీబగ్ పెట్టి ఉంది. అంటే ప్రోగ్రామ్ రాసినవాళ్లు తమ ఆఫీసులో పరీక్షించుకునేటప్పుడు పెట్టుకున్న సెట్టింగ్‌ని అలాగే తెచ్చి మనకి అమ్మేశారు. మా కుర్రాడు మందు పేరు టైప్ చేస్తుంటే ఒక్కో అక్షరానికీ డేటాబేస్‌ని అడిగిన ప్రశ్న, వచ్చిన జాబు మొత్తం ఫైల్లోకి ఎక్కుతోంది.

అంతటితో ఆగలేదు. ఇది జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో చేసిన సాఫ్ట్‌వేర్, లాగ్ రాయడానికి లాగ్4జె అనే లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) వాడారు. అదీ పాత 1వ వెర్షన్, 2015 ఆగస్టులోనే దానికి మద్దతు ఆపేశారు. అందులో రోజుకో కొత్త ఫైలు తెరిచే పద్ధతి ఒకటుంది. పాత ఫైళ్లు ఎన్ని ఉంచాలో చెప్పే వీలు ఆ పద్ధతిలో లేదు, తనంతట తాను ఏదీ చెరపదు. సైజు చూసి ఫైలు మార్చే పద్ధతి ఇంకొకటి అదే లైబ్రరీలో ఉంది. ఒక్కో ఫైలు ఇంత, మొత్తం ఇన్ని ఫైళ్లు అని రెండు లైన్లు రాస్తే డిస్క్ ఎప్పటికీ నిండదు. ఆ రెండు లైన్లు రాయనివాళ్లు మనకి ఎస్‌ఎస్‌డీ అమ్మడానికి వచ్చారు.

ఈ పాత వెర్షన్ సంగతి అడిగితే డీలర్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: "2021 డిసెంబర్‌లో గొడవైంది లాగ్4జె 2 అన్నా, మనది 1, మనకి తగలదు." సగం నిజం. బయటివాళ్లు సిస్టమ్‌లోకి చొరబడే వీలిచ్చిన ఆ లోపం, లాగ్4షెల్ అంటారు, వెర్షన్ 2లోదే. కానీ వెర్షన్ 1కి కొత్తగా ఏ లోపం బయటపడినా సరిచేసి ఇచ్చేవాళ్లు లేరన్న మిగతా సగం ఆయన చెప్పడు.

డిస్క్ నిండడం కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది వేరే ఉంది. ఆ ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకోక మేనల్లుడు ఏదో కమాండ్‌తో పాస్‌వర్డ్ అన్న మాట వెతికాడు. మా ఈ-వే బిల్లు లాగిన్ పేరు, పాస్‌వర్డ్ ఉన్నవి ఉన్నట్టు కనిపించాయి. పోర్టల్‌కి పంపేముందు రహస్యంగా మార్చి పంపుతారట గానీ, మార్చకముందే డీబగ్ లాగ్ దాన్ని రాసేసుకుంది. పార్టీల ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత అప్పు, ఏ డాక్టరు క్లినిక్‌కి ఏ మందు వెళ్తోంది, అన్నీ అక్కడే. ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి, సమస్య వచ్చిన ప్రతిసారీ సపోర్ట్ వాళ్లు ఏమంటారు? "లాగ్ ఫైల్ వాట్సాప్ చెయ్యండి." ఆ సాఫ్ట్‌వేర్ వాడుతున్నవాళ్లు మీ దాంట్లో పాస్‌వర్డ్ కనిపిస్తే ముందు దాన్ని మార్చండి, తర్వాతే మిగతా పని. వాళ్లకి ఫైలు ఇవ్వక తప్పకపోతే సమస్య వచ్చిన ఆ పది నిమిషాల లైన్లు మాత్రం కోసి ఇవ్వండి.

గట్టిగా అడిగేసరికి ఒక కుర్రాడిని షాపుకి పంపారు. వాడు చేసిన రిపేరు ఏమిటంటే, డీబగ్ తీసేసి ఆఫ్ పెట్టి వెళ్లిపోయాడు. డిస్క్ నిండదు, నిజమే. కానీ ఆ తర్వాత ఒక యాంటీబయాటిక్ బ్యాచ్ స్టాక్ తేడా వచ్చింది. బిల్లు కొట్టి ఎవరో క్యాన్సిల్ చేశారు. ఎవరు, ఎప్పుడు అని అడిగితే డీలర్ చల్లగా "లాగ్ ఆఫ్‌లో ఉంది కదా అన్నా, తెలీదు" అన్నాడు. కరపత్రంలో మాత్రం పెద్ద అక్షరాలతో ఆడిట్ ట్రెయిల్ ఉందని వేశారు. వాళ్లు ఆడిట్ ట్రెయిల్ అన్నది ఈ చిత్తు ఫైలునే!

ఈ రెండూ వేరు. ఆడిట్ ట్రెయిల్ డేటాబేస్‌లో ఉండాలి: ఏ ఎంట్రీ, ఎవరు మార్చారు, ఏ తేదీన, ముందు ఏముంది, తర్వాత ఏమైంది. దాన్ని ఆపే బటన్ ఉండకూడదు. కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌కి 2023 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. మనలాంటి ప్రొప్రయిటర్ షాపులకి ఆ రూల్ వర్తించదు, కానీ మీలో ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. మీ ఆడిటర్ దీని గురించి అడిగినప్పుడు ఈ డీలర్ పక్కన ఉండడు.

ఇంకో తిరకాసు ఉంది. మేనల్లుడు సెట్టింగ్ ఫైల్లో ఇన్ఫో పెట్టి, సైజు లిమిట్ రాసి అంతా సరిచేశాడు. హాయిగా నడిచింది. తర్వాత వాళ్ల అప్‌డేట్ వచ్చి ఆ ఫైలు మీద మళ్లీ పాతది ఎక్కించేసింది, డీబగ్‌తో సహా. అందుకని ఇప్పటికే కొన్నవాళ్లు ప్రతి అప్‌డేట్ తర్వాత ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లో లాగ్స్ అన్నదాని మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో సైజు చూసుకోండి. సరిచేసిన సెట్టింగ్ ఫైలు కాపీ వేరే డ్రైవ్‌లో పెట్టుకోండి.

కొత్తగా కొనబోయేవాళ్లు డెమో ఇస్తున్నప్పుడే డీలర్ లాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్ తెరవమనండి. తెరవడానికి నీళ్లు నమిలితే బేరం అక్కడితో ఆపేయండి. తెరిస్తే ఒక బిల్లు కొట్టించి, ఆ బిల్లుకి ఎన్ని లైన్లు పడ్డాయో, వాటిలో ఫోన్ నంబరు గానీ పాస్‌వర్డ్ గానీ ఉందేమో చూడండి. తర్వాత అదే బిల్లు క్యాన్సిల్ చేయించి, ఎవరు చేశారో సాఫ్ట్‌వేర్ రిపోర్టులో చూపించమనండి. లాగ్‌లో కాదు, రిపోర్టులో. డేటా మొత్తం ఎక్సెల్‌లో బయటికి తీసుకునే వీలు ఉందని కొటేషన్ మీద రాయించుకోండి. మాకు అది రాతలో లేదు. ఇప్పుడు ఆ పనికి వేరే చార్జీ అడుగుతున్నారు.

కన్స్యూమర్ కేసు వేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. వ్యాపారం కోసం కొన్నదానికి 2019 చట్టం మామూలుగా వర్తించదు. సొంతంగా కష్టపడి బతుకుతెరువు కోసం నడుపుకునే చిన్న షాపు అయితే మినహాయింపు ఉంది. 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తే ఏం చేయాలో చెప్తారు. బిల్లు, కరపత్రం, వాట్సాప్ మాటలు పారేయకండి. మా పర్లాకిమిడి షాపులో ఆ లాగ్ ఫోల్డర్ సైజు ఫొటో తీసి ఉంచాను, ఎవరైనా చూడాలంటే వచ్చి చూడొచ్చు.