సబ్‌లైమ్ టెక్స్ట్ లైసెన్సు: ఒక్కసారి కొనే పద్ధతి ఎవరికి గిట్టుబాటు?

2021లో కోడ్ రాసుకునే ఎడిటర్ సబ్‌లైమ్ టెక్స్ట్ 4 వచ్చిన కొత్తలోనే 99 డాలర్లు పెట్టి కొన్నా, అప్పటి రేటుకి ఏడు వేల పైచిలుకు. కొనకపోయినా నడుస్తుందండీ, ట్రయల్‌కి గడువు లేదు, సేవ్ కొడుతుంటే మధ్యమధ్యలో కొంటావా అని ఓ పెట్టె వస్తుంది అంతే. అయినా రోజూ అన్నం పెడుతున్న సాఫ్ట్‌వేర్ కదా అని కొనేశా.

డబ్బు కడితే మూడేళ్ళు అప్‌డేట్లు. ఆ తర్వాత కొత్తవి రావు కానీ అప్పటిదాకా వచ్చిన వెర్షన్ ఎప్పటికీ మనదే. నాది 2024లో అయిపోయింది. ఏమీ ఆగలేదు, ఫైళ్ళకి తాళం పడలేదు, అందుకే ఇప్పటిదాకా మళ్ళీ కట్టలేదు. వాడేవాడిగా నాకు ఐదుకి ఐదు.

కానీ నేను కూడా మెడికల్ షాపులకి చిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతా, అటు వైపు నుంచి చూస్తే లెక్క వేరు. మొదట్లో ఆరు వేలకి లైఫ్‌టైమ్ అని ఇచ్చేశా, పెద్ద తప్పు. ప్రింటర్ మారిస్తే ఫోను, విండోస్ మారిస్తే ఫోను, పాతవాళ్ళకి చేసే చాకిరీకి జీతం కొత్తగా కొనేవాళ్ళ డబ్బుల్లోంచే రావాలి, కొత్తవాళ్ళు రాని నెల నా జేబులోంచే. సరే అని నెలకి 299 పెట్టి చూశా. యూపీఐ ఆటోపే ఫెయిలయినప్పుడల్లా నేనే ఫోన్ చేసి అడుక్కోవడం, "కరెంటు బిల్లులాగా నెలనెలా ఏంటి తమ్ముడూ" అని వాళ్ళు విసుక్కోవడం.

చివరికి సబ్‌లైమ్ వాళ్ళ పద్ధతే కాపీ కొట్టా, కాకపోతే మూడేళ్ళు కాదు, ఒక్క ఏడాది, అందులో ఫోన్ సపోర్ట్ కలిపి. తర్వాత కావాలంటే ఏఎంసీ, అంటే ఏడాదికోసారి కట్టే మెయింటెనెన్స్ డబ్బు. టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడినవాళ్ళకి దాని అప్‌డేట్ల చందా, టీఎస్ఎస్, రెన్యువల్ ముందే అలవాటు కాబట్టి విడమరిచి చెప్పాల్సిన పని కూడా పడలేదు. అయితే సగం మంది నాలాగే, నడుస్తోందిగా అని కట్టకుండా కూర్చున్నారు!

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ స్లాబులు మారి చాలా మందులు 12 నుంచి 5 శాతానికి వచ్చాయి చూడండి, అప్పుడు మోగింది ఫోను. పాత వెర్షన్‌లోనూ రేటు చేత్తో మార్చుకోవచ్చు, కానీ నాలుగు వేల ఐటెమ్‌లు ఎవరు మారుస్తారు? ఏడాదంతా రాని రెన్యువల్స్ ఆ వారంలో వచ్చాయి.

అంటే ఈ పద్ధతి నడవాలంటే జనం మళ్ళీ మన దగ్గరికి వచ్చే అవసరం బయట నుంచి పుట్టాలి. బిల్లింగ్‌కి ప్రభుత్వమే పుట్టిస్తుంది, ఎడిటర్‌కి ఎవరు పుట్టిస్తారు? నా పాత బిల్డ్‌లో ఇంతవరకు ఒక్కటీ పాడవలేదు మరి. ల్యాప్‌టాప్ మార్చినప్పుడు కడదామనుకుంటున్నా, ఆ ల్యాప్‌టాప్ కూడా బానే ఉంది.