ఆరేళ్లు వాడిన టెఫ్లాన్ లైనింగ్ పైపు: నా గోలంతా ఆ చిల్లు గురించే

టెఫ్లాన్ గొప్పలు కేటలాగుల్లో అందరూ చదివే ఉంటారు. బయట ఇనుము, లోపల టెఫ్లాన్ పొర, అదీ ఈ పైపు. నేను రాసేది దాని ఇనుప ఒంటికి కంపెనీ వాళ్లే కావాలని పెట్టే 3 మిల్లీమీటర్ల చిల్లు గురించి.

పైడిభీమవరం దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌ని. మా లైన్లో పారేది 20 శాతం లోపు హైడ్రోక్లోరిక్ యాసిడ్, 80 డిగ్రీల వేడి. దీనికి ముందు, స్టెయిన్‌లెస్ కదా అని ఎస్ఎస్ 316 ముక్క ఒకటి వేసి చూశాం. ఆ తెలివి ఎవరిదో ఇప్పుడు అడగొద్దు. నెల తిరక్కుండానే వెల్డింగు పక్కన జల్లెడైంది. తర్వాత పాలీప్రొపిలీన్ వేశాం. యాసిడ్‌కి జంకలేదు గానీ వేడికి మెత్తబడి, సపోర్టుల మధ్య బట్టలారేసే తాడులా సాగింది. టైటానియం వేద్దామన్నారొకరు. అది నైట్రిక్‌కి మొనగాడే, వేడి హైడ్రోక్లోరిక్ ముందు నిలవదు. హేస్టలాయ్ అనే నికెల్ మిశ్రలోహం కొటేషన్ చూసిన మేనేజరుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

అలా టెఫ్లాన్‌కి వచ్చాం. మా అమ్మ ఇత్తడి గిన్నెకి కళాయి వేయిస్తే గానీ చింతపండు పులుసు పెట్టేది కాదు. ఇదీ అదే లెక్క: బలం ఇనుముది, పులుపుని కాచుకునేది లోపలి పొర. కళాయి పోతే గిన్నెకి కిలుం పట్టి తెలుస్తుంది. మూసి ఉన్న పైపు సంగతి ఆ చిల్లు చెప్పాలి. రెండో ఏడాది చెప్పింది కూడా. పసుపుపచ్చ చుక్కొకటి కారి కింద సిమెంటు మీద బుసబుసా నురగొచ్చింది. విప్పితే ఫ్లాంజ్ దగ్గర, అంటే పైపులని బోల్టులతో కలిపే అంచు దగ్గర, లైనర్ (లోపలి టెఫ్లాన్ పొర) చీలింది, ఇనుము ఇంకా గట్టిగానే ఉంది. ఆ తర్వాత క్యాంటీన్లో ఈ పైపు గురించి నా చేత చెప్పించుకోని మనిషి లేడు. 'జీవితకాలం సరుకు' అని కూడా అన్నాను.

నాలుగో ఏడాది ఆడిట్ వస్తోందని పెయింటింగ్ వాళ్లని పెట్టారు. వాళ్లు ఎంత శ్రద్ధగా చేశారంటే, చిల్లులన్నీ పుట్టీతో పూడ్చి మరీ రెండు కోటింగులు వేశారు. పైపు పెళ్లికొడుకులా తయారైంది. ఐదు నెలలకి నైట్ షిఫ్టులో హెల్పర్ ఫోను: "బావూ, పంపు గులకరాళ్లు నమిలినట్టు సౌండేత్తంది, ఓపాలి రాండి."

పంపు విప్పాం. ఇంపెల్లర్ బాగుంది, బేరింగ్ బాగుంది. మళ్లీ బిగిస్తే అదే సౌండు. తెల్లారుజామున, లైన్ ఖాళీ చేసి నీళ్లతో కడిగి, పంపుకి ముందున్న పైపు ముక్క దింపి టార్చి వేస్తే లోపల నాలుక మొలిచినట్టుంది. లైనర్ ఒక పక్క ఊడి సగం దారి మూసేసింది, పంపుకి సరిగ్గా అందక ఆ సౌండు. చిల్లు మీద పెయింటు గీకితే తుస్సుమని ఘాటు. ఇనుముకీ లైనర్‌కీ మధ్య పాతబెల్లం రంగు బురద.

యాసిడ్ ఆవిరి టెఫ్లాన్‌లోంచి కూడా కొంచెం కొంచెం బయటికొస్తూనే ఉంటుంది, వేడికి మరీను. చిల్లు తెరిచి ఉంటే దాని దారిన అది పోతుంది. మూస్తే అక్కడే పోగై ఇనుముని తింటూ, లైనర్‌ని లోపలికి నెడుతుంది. దానికి తోడు ఆ సాయంత్రం మావాళ్లు వేడి లైన్‌ని రెండు వైపులా వాల్వులు కట్టి వదిలేశారు. చల్లారేసరికి లోపల వాక్యూమ్ పడి లైనర్‌ని లాగేసింది.

తప్పు పైపుదా? కాదనే అంటాను, కాస్త నసుగుతూ. చిల్లులు మూయొద్దని పైపు కంపెనీ వాళ్లిచ్చిన పుస్తకంలో ఉంది, ఎక్కడో పదకొండో పేజీలో. చిల్లు పక్కన ఒక స్టిక్కర్ అంటిస్తే ఏం పోయేది? బోల్టుల సంగతీ అంతే. టెఫ్లాన్ ఒత్తిడికి నెమ్మదిగా నలిగి జారుతుంది కాబట్టి మొదటిసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాలి, అదీ కొలతగా. రెండో ఏడాది చీలికకి నా అతి బిగింపే కారణమని నా అనుమానం. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మళ్లీ తీసుకుంటానా అంటే, మా యాసిడ్‌కీ మా వేడికీ అయితే ఇదే. మీ లైన్లో వాక్యూమ్ పడేటట్టుంటే ముందే చెప్పి మందం లైనర్ అడగండి. గ్లాస్ లైనింగ్ కూడా ఉంది గానీ, హైడ్రోఫ్లోరిక్ కలిసే చోట దాని ఊసెత్తొద్దు. ధర విషయంలో నా మాట పట్టించుకోకండి, బిల్లు కట్టింది నేను కాదు.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకున హెల్పర్ కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని కొబ్బరి ఈనెతో చిల్లులన్నీ చూసొస్తాడు. తీగ ఇవ్వను, మొన తగిలితే లైనర్‌కే చిల్లు పడుతుంది. వాళ్లది ఉద్దానం, కొబ్బరి ఈనెలకి కరువు లేదు.